ఆకాశంలో పేరు ఎలా దక్కుతుంది?

బిడ్డ పుట్టిన ఏడవ రోజున అఖీఖా జరిపి పేరు పెట్టడం ముస్లిం కుటుంబాలలో తరతరాలుగా సాగుతున్న ఆచరణ. పేరుకు మంచి అర్థం ఉన్నదా, పలకడానికి సులువుగా ఉన్నదా, వినేవారికి ఎబ్బెట్టుగా తోచదు కదా అని పెద్దలు విచారిస్తారు. చెడు అర్థం ఇచ్చే పేర్లను దైవప్రవక్త (స) మార్చి మంచి పేర్లు పెట్టేవారని హదీసు గ్రంథాల ద్వారా మనకు తెలుస్తున్నది. విచిత్రమేమిటంటే, ఆకాశంలో తిరుగాడే రాతి గోళాలకు పేర్లు పెట్టేటప్పుడు ఖగోళ శాస్త్రవేత్తలు కూడా ఇంచుమించు ఇవే ప్రశ్నలు వేసుకుంటారు. అయితే అక్కడి నిరీక్షణ ఏడు రోజులది కాదు, ఏళ్ళ తరబడి సాగేది.

ఈ విషయాన్ని పాఠకుల ముందుంచడానికి ఒక కారణం ఉన్నది. కొంత సొమ్ము చెల్లిస్తే మీ బిడ్డ పేరును ఒక నక్షత్రానికి పెడతామని, అందమైన ధ్రువపత్రం పంపుతామని చెప్పే ప్రకటనలు కొంతకాలంగా కనిపిస్తున్నాయి. బిడ్డ మీద మమకారంతో తల్లిదండ్రులు వాటికి ఆకర్షితులవుతున్నారు. ఆకాశంలో పేరు అసలు ఎలా దక్కుతుందో తెలిస్తే, ఆ కాగితం విలువ ఏపాటిదో ఎవరికి వారే గ్రహించగలరు.

చిన్ని గ్రహాలు

అంగారక, బృహస్పతి గ్రహాల నడుమ, మరికొన్ని ఇతర కక్ష్యలలో, సూర్యుని చుట్టూ తిరిగే లక్షలాది చిన్న గోళాలను తెలుగులో గ్రహశకలాలు అంటున్నాము. ఆంగ్లంలోని ‘ఆస్టరాయిడ్’ అనే మాటకు నక్షత్రం వంటిది అని అర్థం. 1802లో విలియం హెర్షెల్ ఆ మాటను వాడుకలోకి తెచ్చాడు. దుర్భిణిలో అవి నక్షత్రాల వలె చుక్కలుగా కనిపించడమే అందుకు కారణం. అరబీలో వీటిని ‘కువైకిబ్’ అంటారు. ‘కౌకబ్’ అంటే గ్రహం. దాని లఘురూపమే కువైకిబ్, అనగా చిన్ని గ్రహం. ఉర్దూలోని ‘సయ్యార్చా’కు కూడా అదే భావం. ఒకే వస్తువును ఒక భాష దాని రూపాన్ని బట్టి, ఒకటి పరిమాణాన్ని బట్టి, మరొకటి ముక్క అనే ఊహను బట్టి పిలిచాయి. పేరు వస్తువును గురించి ఎంత చెబుతుందో, పేరు పెట్టినవారి చూపును గురించి కూడా అంతే చెబుతుంది.

రాజు పేరు నిలువలేదు

1801 జనవరి 1వ తేదీ రాత్రి సిసిలీ దీవిలోని పలెర్మో నగరంలో జుసెప్పె పియాజీ అనే శాస్త్రవేత్త మొట్టమొదటి గ్రహశకలాన్ని చూశాడు. దానికి ఆయన ‘సెరెస్ ఫెర్డినాండియా’ అని పేరు పెట్టాడు. సెరెస్ రోమనుల పురాణాలలో పంటల దేవత. సిసిలీ దీవికి సంరక్షకురాలని వారు భావించేవారు. ఫెర్డినాండ్ ఆ దేశాన్ని పాలిస్తున్న రాజు. ఇతర దేశాల శాస్త్రవేత్తలు ఆ రాజు పేరును స్వీకరించలేదు. కొద్దికాలానికే ‘ఫెర్డినాండియా’ రాలిపోయి, సెరెస్ మాత్రమే మిగిలింది. 2006 నుంచి సెరెస్‌ను మరుగుజ్జు గ్రహంగా లెక్కిస్తున్నారు.

1850లో లండన్ నుంచి జాన్ రసెల్ హైండ్ పన్నెండవ గ్రహశకలాన్ని కనుగొని ‘విక్టోరియా’ అని పేరు పెట్టినప్పుడూ ఇటువంటి వివాదమే చెలరేగింది. అది రోమనుల విజయదేవత పేరని ఆయన సమర్థించుకున్నా, సింహాసనం మీద ఉన్న రాణి పేరు కూడా అదే కదా అని అమెరికా శాస్త్రవేత్తలు అభ్యంతరం తెలిపారు. చివరకు ఆ పేరు నిలిచింది గానీ, అధికారంలో ఉన్నవారి పేర్లు ఆకాశానికి ఎక్కించవచ్చునా అన్న ప్రశ్న అప్పటి నుంచే మొదలైంది. ఆ ప్రశ్నకు నేటి నియమాలలో స్పష్టమైన సమాధానం ఉన్నది. రాజకీయ, సైనిక రంగాలకు చెందిన వ్యక్తి పేరు పెట్టాలంటే ఆ వ్యక్తి మరణించి 100 సంవత్సరాలు గడవాలి. పొగడ్తకు ఆశపడేవారు, పొగిడి లాభపడేవారు ఇద్దరూ కనుమరుగైన తరువాతనే పేరు యోగ్యతను తూచాలన్నది ఇందులోని వివేకం.

ముందు సంఖ్య, తరువాత పేరు

కొత్త గ్రహశకలం కనబడగానే దానికి పేరు రాదు. మొదట ఒక తాత్కాలిక గుర్తు లభిస్తుంది. దానిలో ఏ సంవత్సరంలో, ఏ పక్షం రోజులలో, ఎన్నవదిగా కనబడిందో అంతా ఇమిడి ఉంటుంది. ఉదాహరణకు ‘1999 ఆర్‌క్యూ36’ అనే గుర్తును చూద్దాము. 1999 సంవత్సరం. నెలకు రెండు అక్షరాల చొప్పున ఏడాదికి 24 ఆంగ్ల అక్షరాలు. ‘ఐ’ అక్షరం ఒకటి అంకెలా కనిపిస్తుంది గనుక దాన్ని వదిలేస్తారు. ఈ వరుసలో ‘ఆర్’ సెప్టెంబరు మొదటి సగానికి వస్తుంది. ఇక ‘క్యూ’ను, 36ను కలిపి లెక్కిస్తే, ఆ పక్షంలో కనబడిన 916వ గోళం అని తేలుతుంది.

ఆ తరువాత పలు సంవత్సరాల పాటు దాన్ని పరిశీలించి, కక్ష్యను నిర్ధారిస్తారు. మళ్ళీ ఎప్పుడు, ఎక్కడ కనబడుతుందో సందేహం లేకుండా చెప్పగలిగినప్పుడు మాత్రమే శాశ్వత సంఖ్యను ఇస్తారు. సంఖ్య వచ్చిన తరువాతనే పేరు ప్రస్తావన. పైన చెప్పిన గోళం 101955 అనే సంఖ్యను పొంది, 2013లో ‘బెన్ను’ అయింది. ప్రాచీన ఈజిప్టు గాథలలోని ఒక పక్షి పేరు అది. సూచించినవాడు తొమ్మిదేళ్ళ అమెరికా బాలుడు. పిల్లల కోసం నిర్వహించిన పోటీలో వేలాది సూచనల నుంచి అతని సూచన ఎంపికైంది. 2023 సెప్టెంబరులో ఆ గోళం నుంచి సుమారు 121 గ్రాముల మట్టిని, రాళ్ళను అంతరిక్ష నౌక భూమికి చేర్చింది.

శాశ్వత సంఖ్యలు పొందిన గ్రహశకలాలు ఆరు లక్షలకు పైబడి ఉన్నాయి. పేర్లు పొందినవి వాటిలో చాలా స్వల్పం. తక్కినవన్నీ సంఖ్యలతోనే తమ కక్ష్యలలో నిరాటంకంగా సాగిపోతున్నాయి. పేరు లేనందువల్ల వాటి గమనంలో లోపమేమీ లేదు.

పేరు పెట్టే హక్కు ఎవరిది?

పేరును ప్రతిపాదించే అవకాశం కనుగొన్నవారికి పదేళ్ళ పాటు ఉంటుంది. ఆమోదించేది మాత్రం 1919లో ఏర్పడిన అంతర్జాతీయ ఖగోళ సంఘానికి చెందిన ఒక సమితి. పేరు 16 అక్షరాలు మించరాదు. వీలైతే ఒకే పదంగా ఉండాలి. పలకడానికి అనువుగా ఉండాలి. ఎవరి మనసూ నొప్పించరాదు. ఉన్న పేర్లతో కలగాపులగం కారాదు. వ్యాపార ప్రకటనగా పనికివచ్చే పేరు ఒప్పుకోరు. కనుగొన్నవారు తమ పేరు తామే పెట్టుకోవడం మర్యాద కాదు. పెంపుడు జంతువుల పేర్లు వద్దని కూడా చెబుతారు. ఒక శాస్త్రవేత్త తన పిల్లి పేరును 2309వ గోళానికి ‘మిస్టర్ స్పాక్’ అని పెట్టిన దరిమిలా వచ్చిన సలహా ఇది. ప్రతి పేరుతో పాటు, అది ఎందుకు పెట్టారో తెలిపే చిన్న వివరణ కూడా ప్రచురింపబడుతుంది. కారణం లేని పేరుకు అక్కడ తావు లేదు.

మొదటి రోజులలో గ్రీకు, రోమను దేవతల పేర్లే ఎక్కువగా పెట్టారు. ఇటువంటి పేర్లను మన పిల్లలు చదవవచ్చునా అని కొందరు తల్లిదండ్రులు సందేహిస్తుంటారు. పదవ శతాబ్దికి చెందిన అబ్దుర్రహ్మాన్ సూఫీ నక్షత్రాలపై రచించిన గ్రంథంలో గ్రీకుల నక్షత్ర మండలాలను బొమ్మలతో సహా వివరించి, వాటి పక్కనే అరబ్బుల సంప్రదాయ పేర్లనూ నమోదు చేశారు. గుర్తించడానికి వాడే పేరు వేరు, విశ్వాసం వేరు అన్న తేడా ఆయనకు తెలుసు. ఆయన పేరు కూడా నేడు 12621వ గోళానికి ఉన్నది.

మద్రాసు నుంచి, హైదరాబాదు నుంచి

ఈ గాథలో మన ప్రాంతానికీ భాగమున్నది. తెలుగువారు అధికంగా నివసించిన నాటి మద్రాసు రాజధానిలో, నుంగంబాకం వేధశాల నుంచి నార్మన్ పాగ్సన్ 1861 ఏప్రిల్‌లో 67వ గ్రహశకలాన్ని కనుగొన్నాడు. ఆసియా ఖండం నుంచి కనుగొన్న మొదటి గ్రహశకలం గనుక దానికి ‘ఆసియా’ అనే పేరు వచ్చింది. 1866లో ఆయన అక్కడి నుంచే చూసిన ‘సిల్వియా’కు రెండు ఉపగ్రహాలు ఉన్నట్లు మన కాలంలో తేలింది. రెండు ఉపగ్రహాలు గల గ్రహశకలంగా మొట్టమొదట తెలియవచ్చినది అదే.

హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల లక్షలాది నక్షత్రాల స్థానాలను కొలిచింది. అక్కడ పనిచేసిన ఒక ఉద్యోగి కుమారుడు వేణు బప్పు నిజాం కళాశాలలో చదివి, తండ్రి పనిచేసే దుర్భిణుల నీడలో పెరిగి, 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యారు. 2596వ గోళం ఆయన పేరు మీద ఉన్నది. తమిళనాడులోని కావలూరులో ఆయన నెలకొల్పిన కేంద్రం నుంచి 1988లో కనుగొన్న గోళానికి గణిత మేధావి రామానుజన్ పేరు పెట్టారు. 2003లో కొలంబియా నౌక ప్రమాదంలో మరణించిన ఏడుగురి పేర్లూ ఏడు గోళాలకు పెట్టారు. వారిలో 51826వది కల్పనా చావ్లాది.

పోల్చుకోలేని పేర్లు

ముస్లిం విద్వాంసుల పేర్లు కూడా ఈ జాబితాలో ఎన్నో ఉన్నాయి. కాని మన పిల్లలు వెదికితే వెంటనే దొరకవు. ఇబ్నె సీనా పేరు అక్కడ ‘అవిసెన్నా’, సంఖ్య 2755. కాంతిశాస్త్రానికి పునాది వేసిన ఇబ్నుల్ హైసమ్ ‘అల్హాజెన్’, సంఖ్య 59239. ఆయన అసలు పేరు అల్ హసన్. లాటిను అనువాదకుల నోట అది అలా మారింది. ఇబ్నె రుష్ద్ ‘అవెరోస్’; సంఖ్య 8318. గణిత శాస్త్రవేత్త ఖ్వారిజ్మీ సంగతి మరీ విశేషం. ‘ఖా’ అనే అరబీ అక్షరాన్ని లాటిను లిపిలో ఎలా రాయాలన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. అందువల్ల ఆయన పేరు రెండు విధాలుగా రాయబడి, రెండు గోళాలకు దక్కింది: 11156, 13498. కంప్యూటర్ల యుగంలో రోజూ వినిపించే ‘అల్గారిథమ్’ అనే మాట కూడా ఆయన పేరు నుంచి పుట్టినదే. 9936వ గోళం అల్ బిరూనీది. మన దేశపు విద్యలను తెలుసుకోవడానికి సంస్కృతం నేర్చిన మహనీయుడు ఆయన.

2439వ గోళం ఉలుగ్ బేగ్‌ది. సమర్‌ఖంద్‌ను పాలించిన ఈ సుల్తాన్ వేధశాల నిర్మించి, వెయ్యికి పైగా నక్షత్రాల పట్టికను 1437లో సిద్ధం చేయించారు. 1449లో కన్నకొడుకే ఆయనను చంపించాడు. వేధశాల శిథిలమై, దాని స్థలం 1908 వరకు మరుగున ఉండిపోయింది. ఫెర్డినాండ్ రాజు పేరు కొన్నాళ్ళకే రాలిపోయింది. ఉలుగ్ బేగ్ పేరు నిలిచింది. ఒకరు సింహాసనం కారణంగా ఆకాశానికి ఎక్కారు, మరొకరు నక్షత్రాలను లెక్కించిన కారణంగా.

పేరు తెలియని కుమార్తె

జాబితాలో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసినది 7060వ గోళం, ‘అల్ ఇజ్లియా’. పదవ శతాబ్దంలో అలెప్పో పాలకుడు సైఫుద్దౌలా ఆస్థానంలో అస్తర్లాబులు చేసిన మహిళ ఆమె. అస్తర్లాబ్ అంటే సూర్య నక్షత్రాల ఎత్తును కొలిచి వేళను, దిశను తెలుసుకునే లోహపు పరికరం. నమాజు వేళలు, ఖిబ్లా దిశ తెలుసుకోవడానికి అది ఎంతగానో ఉపకరించేది. ఇబ్నె నదీమ్ తన ‘ఫిహ్రిస్త్’ గ్రంథంలో అస్తర్లాబులు చేసేవారి వరుసలో ఆమెను పేర్కొన్నారు. తండ్రి ఇజ్లీ కూడా అదే పనివాడు. ఇద్దరూ ఒకే గురువు వద్ద నేర్చుకున్నారు.

అయితే ఆమె స్వంత పేరు ఆ గ్రంథంలో లేదు. ఇజ్లీ కుమార్తె గనుక ఇజ్లియా, అంతే. నేడు వ్యాప్తిలో ఉన్న ‘మర్యమ్’ అనే పేరు తరువాతివారు చేర్చినది. తల్లిదండ్రులు ఆమెను ఏమని పిలిచారో ఎవరికీ తెలియదు. వెయ్యేళ్ళ తరువాత ఒక గోళం ఆమె పేరు మీద తిరుగుతున్నది. ఆమెను అంత దూరం చేర్చినది ఆమె పేరు కాదు, ఆమె చేతిపని. మన ఆడబిడ్డలకు ముచ్చటైన పేరు వెదికేటప్పుడు చూపే శ్రద్ధను, వారి చేతికి విద్యను అందించడంలోనూ చూపుతున్నామా అని ఈ గోళం మనలను ప్రశ్నిస్తున్నట్లున్నది.

కొన్న పేరు, వచ్చిన పేరు

ఇక ధ్రువపత్రాల విషయం. నక్షత్రాల పేర్లను గానీ గ్రహశకలాల పేర్లను గానీ అంతర్జాతీయ ఖగోళ సంఘం అమ్మదు. అమ్మే అధికారం మరెవరికీ ఇవ్వలేదు. సొమ్ము పుచ్చుకొని ఇచ్చే కాగితంలోని పేరును ఏ వేధశాలా వాడదు. అదే నక్షత్రాన్ని మరొకరికి అమ్మకుండా ఆపేవారూ లేరు.

కాగా సొమ్ముతో పని లేకుండా పేరు పొందిన విద్యార్థులు ఉన్నారు. అంతర్జాతీయ విజ్ఞాన పోటీలలో ఉన్నత స్థానాలు సాధించిన బాలబాలికల పేర్లను, వారికి చదువు చెప్పిన ఉపాధ్యాయుల పేర్లను గ్రహశకలాలకు పెట్టే ఏర్పాటు అమెరికాలోని ఒక పరిశోధనశాల ద్వారా సాగింది. శిష్యునితో పాటు గురువును కూడా తలచుకునే ఈ పద్ధతి మా వంటి ఉపాధ్యాయులకు సంతోషం కలిగించేది.

అందువల్ల మా విన్నపం ఇదే. బిడ్డ పేరున ఆ కాగితానికి చెల్లించదలచిన సొమ్ముతో ఆకాశాన్ని పరిచయం చేసే ఒక మంచి పుస్తకం కొనండి. రాత్రి మేడ మీదికి తీసుకువెళ్ళి చుక్కలు చూపించండి. 7060 అనే సంఖ్య చెప్పి, అలెప్పో నగరపు ఆ కుమార్తె కథ వినిపించండి. పేరు పెట్టవలసిన మన బాధ్యత ఏడవ రోజునే తీరిపోతుంది. ఆ పేరుకు అర్థం సంపాదించే పనిలో బిడ్డకు తోడు నిలవవలసిన బాధ్యత మాత్రం అక్కడి నుంచే ఆరంభమవుతుంది.