పదక్రీడలో రెండు జాబితాల పోలిక

జోష్ వార్డల్ రూపొందించిన వర్డల్ అను పదక్రీడ 2021లో లోకమునకు వెల్లడియై, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ సంస్థ దానిని కొనునాటికే దేశదేశముల జనులకు నిత్యవినోదమైనది. దాగియున్న 5 అక్షరముల పదమును 6 ప్రయత్నములలో కనిపెట్టవలెను. స్వస్థానమున నున్న అక్షరము పచ్చగాను, పదములో నుండియు చోటు తప్పినది పసుపుగాను, లేనిది బూడిదరంగుగాను కనబడును. ఈ రంగులను తేల్చు పని యంతయు దాచిన పదము, ఊహించిన పదముల అక్షరములతో కూర్చిన రెండు జాబితాలను పోల్చుటయే. పైథాన్ భాషలో ఆ పోలిక యెట్లు సాగునో మన మాటలతోనే చూతము.

దాచిన పదము ‘పలక’, ఆటగాడు ఊహించినది ‘కలప’ అనుకొందము. రెండు జాబితాల నడుమ జంట సమానచిహ్నము నుంచి యడిగినచో, పైథాన్ వరుసగా సరిచూచి, మొదటి భేదము కడనే ‘ఫాల్స్’ అని ముగించును. వానినే సెట్లుగా మార్చి యడిగితిమా, సెట్టునకు వరుసతో నిమిత్తము లేదు గనుక ‘ట్రూ’ అనును. రెండు సమాధానములును సత్యములే. ఆటకు మాత్రము ఏ యొక్కటియు చాలదు. జిప్ అను ప్రమేయము రెండు జాబితాలనుండి ఒక్కొక్క అక్షరమును జతపరచి యందించును గావున, ‘ల’ యొక్కటే స్వస్థానమున నున్నదనియు, తక్కినవి చోట్లు మార్చుకొన్నవనియు అప్పుడు స్పష్టమగును. అయితే జాబితాల నిడివి ముందుగా సరిచూడవలెను. లేనిచో జిప్ పొట్టిదాని చివరనే మాటలేక ఆగిపోవును.

చిక్కంతయు ఒకే అక్షరము రెండుమార్లు వచ్చినపుడు. దాచినది ‘నడక’, ఊహించినది ‘నటన’. మొదటి ‘న’ పచ్చ, ‘ట’ లేదు. చివరి ‘న’ దాచిన పదములో కలదా యని యడిగిన, పైథాన్ కలదనియే చెప్పును. అడిగినది అంతియే గదా. దానిని నమ్మి పసుపు పూసినచో, లేని రెండవ ‘న’ కొరకు వెదకుచు ఆటగాడు ఒక ప్రయత్నమును వృథాచేసికొనును. ఇట్టి తప్పుడు సూచన నిచ్చుట ఆటకు ద్రోహమని నా దృఢాభిప్రాయము. కావున పోలిక రెండు విడతలుగా సాగవలెను: తొలుత పచ్చనివానిని గుర్తించి తీసివేసి, దాచిన పదములో మిగిలిన అక్షరములను పైథాన్‌లోని కౌంటర్ అను సాధనము చేత లెక్కపెట్టి, పిమ్మట పసుపు నిచ్చినపుడెల్ల ఆ లెక్కనుండి ఒకటి తగ్గించుచు పోవలెను.

పై మాటలలో గుణింతపు గుర్తులు గాని ఒత్తులు గాని లేవు గనుక పని సాఫీగా జరిగినది. ‘స్త్రీ’ యను పదమును జాబితాగా మార్చి చూడుడు: మనకు ఏకాక్షరమైన దానిని పైథాన్ సకారము, పొల్లు, తకారము, మరల పొల్లు, రకారము, ఈత్వము అని 6 ముక్కలు చేయును, యూనికోడ్‌లో వానికి వేర్వేరు సంకేతములుండుటయే దీనికి కారణము. ఈ ముక్కలను పోల్చు ఆట తెలుగువారు ఆడదగినది కాదు. కావున పోలికకు ముందే, గుణింతపు గుర్తును, పొల్లును, సున్నను వెనుకటి అక్షరముతో చేర్చి, పొల్లు తరువాత వచ్చు హల్లును ఆ పొల్లుతో కలిపి, నిజమైన అక్షరముల జాబితాను కూర్చుకొనవలెను.

అట్లు కూర్చిన పిమ్మటను ‘గుడి’, ‘గడి’ వంటి జంటలు ఎదురగును. ‘డి’ పచ్చ, ‘గు’, ‘గ’ భిన్నములే యైనను హల్లొకటే. బూడిదరంగు నిచ్చిన నియమము తప్పినట్లు కాదు గాని, గుణింతము దిద్దిన బిడ్డ సైతము గుర్తించు చుట్టరికమును ఆట దాచినట్లగును. అట్టివానికి నాలుగవ రంగొకటి వేరుగా నుండవలెననియే నేనందును. ప్రతి యక్షరములోని హల్లులను వేరొక జాబితాగా తీసి, మరియొక జిప్ నడుపుటకు పది పంక్తులైనను పట్టదు.