బెత్తమా, కాపరి దండమా?



"కండ్లు విడిచిపెట్టి ఎక్కడైనా కొట్టండి సార్, వానికి చదువు రావాలె." కొడుకును బడిలో చేర్పిస్తూ మన తండ్రులు పంతులుతో చెప్పే మాట ఇది. మా నాయన కూడా చెప్పాడు. పటాన్‌చెరు దగ్గర ఒక సంఘ పాఠశాలకు కరస్పాండెంటునయ్యాక నేనూ ఆ మాట ప్రకారమే నడిచాను.

అక్కడ గంట 8.45కు. మూడుసార్లు ఆలస్యమైతే రెండు దెబ్బలు, తండ్రికి కబురు. తొమ్మిదో తరగతి బాలుడొకడు దాదాపు రోజూ ఆలస్యమే. మౌనంగా చేయి చాపేవాడు. తండ్రి ఎన్నడూ రాలేదు. టి.సి. ఇచ్చి పంపమని నేనే సంతకం చేశాను.

ఆ సాయంత్రం ప్రార్థనకు ఆ బస్తీకి వెళ్లి, వాళ్ల గది తలుపు తట్టాను. తండ్రి ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుకు బయలుదేరుతున్నాడు. ఓ.టి. చేసి ఇల్లు చేరేసరికి పది అవుతుంది. తల్లి ఉదయం ఆరింటికే క్యాంటీన్ పనికి వెళ్తుంది. నాలుగేళ్ల చెల్లెలిని అంగన్‌వాడీలో దింపవలసింది ఈ బాలుడే. అది తెరిచేది తొమ్మిదింటికి! ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెప్తే అమ్మను పిలిపిస్తరు సార్, ఒక పూట కూలి పోతది" అన్నాడు.

నాకు చట్టం తెలియక కాదు. 2002లోనే అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో శారీరక దండనను నిషేధించింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను కొట్టడంతోపాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. ఆ చట్టం మైనారిటీ పాఠశాలలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును మేము చాటు చేసుకున్నాము. అయితే అది పిల్లలను కొట్టడానికి ఇచ్చిన అనుమతి కాదు. మనుష్యుల చట్టం నుండి తప్పించుకున్నా, ప్రభువుకు లెక్క చెప్పాలి గదా!

మనం సామెతలు 13:24 చూపించి బెత్తం పడతాము. కాని 23వ కీర్తనలో దావీదుకు ఆదరణనిచ్చినదీ దండమే. లేవీయకాండము 27:32లో మంద దాని క్రింద ఒక్కొక్కటిగా దాటిపోతుంది. కాపరి ప్రతి గొఱ్ఱెను ఎరిగి లెక్కించే దండమది. ఎఫెసీ 6:4లో పౌలు పిల్లలకు కోపము రేపవద్దని తండ్రులను హెచ్చరిస్తాడు. అక్కడ 'శిక్ష' అని మనం చదివే గ్రీకు మాట 'పైదేయా'కు బిడ్డను పెంచి నేర్పుట అని అర్థము.

టి.సి. చింపివేశాను. చెల్లెలు 8.30 నుండి బడి ఆయమ్మ దగ్గర కూర్చొనేది, తొమ్మిదింటికి ఆయమ్మే దింపి వచ్చేది. ఆ తరువాత బాలుడు ఆలస్యం కాలేదు.

క్రమశిక్షణ సడలించలేదు. కాపీ కొట్టినవాడు పరీక్ష మళ్లీ రాయాలి, గోడ పాడుచేసినవాడు సున్నం వేయాలి. కాని కారణం అడిగి పుస్తకంలో రాయకుండా ఏ శిక్షా లేదు. ఫీజు బాకీ పేరుతో ఏ బిడ్డనూ వరుసలో నిలబెట్టము. నియమాలన్నీ చేర్చుకునే రోజే తల్లిదండ్రులకు తెలుగులో చదివి వినిపిస్తాము.

తల్లిదండ్రులారా, "కొట్టండి సార్" అనకండి. మీ షిఫ్టు, మీ ఇంటి ఇబ్బంది పంతులుకు చెప్పండి. ఉపాధ్యాయులారా, చేయి ఎత్తక ముందు అడగండి. ఆ బాలుని నేను క్షమాపణ అడిగాను. మందను పేరుపేరున ఎరిగిన మంచి కాపరి మన ఇండ్లకును బడులకును తన మనస్సు అనుగ్రహించును గాక!