బిల్లు ఒక్కసారి కొడితే చాలు

గుంటూరులో ఒక కారంపొడి ఫ్యాక్టరీ ఉందనుకుందాం. హైదరాబాద్‌లోని డీలరుకు లారీ సరుకు పంపాలి. ఫ్యాక్టరీ లెక్కలు ట్యాలీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి, డీలరు లెక్కలు శాప్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో. లారీ వెంట ఈ-వే బిల్లు ఉండాలి. నెల తిరిగేసరికి జీఎస్టీ రిటర్ను వేయాలి. ఒకప్పుడు అకౌంటెంటు అవే అంకెలను ముందు బిల్లులో, తర్వాత ఈ-వే బిల్లు పోర్టల్లో, ఆపైన రిటర్నులో కొట్టేవాడు. అవతల డీలరు గుమాస్తా మళ్లీ మొదటి నుంచి కొట్టుకునేవాడు. ఎన్నిసార్లు కొడితే తప్పుకు అన్ని అవకాశాలు. ఈ బాధ తగ్గించడానికీ, దొంగ బిల్లులకు అడ్డుకట్ట వేయడానికీ వచ్చిందే ఈ-ఇన్వాయిస్. 2020 అక్టోబరు 1న 500 కోట్ల రూపాయల టర్నోవరు దాటిన సంస్థలతో మొదలై, 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లు దాటిన వ్యాపారాల దాకా వచ్చింది.

అందుకోసం దేశంలోని వ్యాపారులంతా ఒకే సాఫ్ట్‌వేర్ కొనాల్సిన అవసరం రాలేదు. ఎవరిది వాళ్లే వాడుకోవచ్చు, బిల్లు వివరాలు మాత్రం అందరూ రిజిస్ట్రేషన్ పోర్టల్‌కు ఒకే నమూనాలో పంపాలి. ఆ నమూనా పేరు ఐఎన్‌వీ-01. పది ఊళ్లను ఒకదానితో ఒకటి నేరుగా కలపాలంటే 45 రోడ్లు వేయాలి, మధ్యలో ఒక కూడలి ఉంటే పది చాలు. సాఫ్ట్‌వేర్ల సంగతీ అంతే. ప్రతి జంటకూ విడిగా వంతెన కట్టనక్కర్లేదు, ప్రతి ఒక్కటీ ఉమ్మడి నమూనాను నేర్చుకుంటే సరిపోతుంది.

నమూనాలో ఏముంటుందో కాస్త దగ్గర నుంచి చూద్దాం. 03/04/2025 అని ఉంటే అది ఏప్రిల్ 3వ తేదీయా, మార్చి 4వ తేదీయా? కొన్ని సాఫ్ట్‌వేర్లు నెలను ముందు రాస్తాయి, కొన్ని సంవత్సరాన్ని. ఐఎన్‌వీ-01లో ముందు రోజు, తర్వాత నెల, చివర సంవత్సరం. వేరే దారి లేదు. ఫ్యాక్టరీ వాళ్లు తమ లెక్కల్లో ‘బస్తా’ అనో ‘మూట’ అనో ఏది రాసుకున్నా, బయటికి వెళ్లేటప్పుడు అది ‘బ్యాగ్’ అనే నిర్ణీత కోడ్‌గా మారాలి. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి: ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. సరుకు 37 నుంచి 36కు వెళ్తోంది కాబట్టి పడాల్సింది రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే ఐజీఎస్టీ. ఇవన్నీ ముందే తేల్చిపెట్టుకోవడం వల్లే యంత్రం పని మొదలుపెట్టగలుగుతోంది.

బిల్లు రిజిస్ట్రేషన్ పోర్టల్‌కు చేరగానే దానికి 64 అక్షరాల గుర్తింపు సంఖ్య వస్తుంది. అమ్మేవారి జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, బిల్లు నంబరు, ఈ నాలుగింటినీ ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణిత పద్ధతిలో వేస్తే వచ్చే ఫలితమది. వాటిలో ఒక్క అంకె మారినా సంఖ్య పూర్తిగా మారిపోతుంది, అవే నాలుగు ఇస్తే ఎన్నిసార్లయినా అదే వస్తుంది. దీని విలువ నెట్ పోయినప్పుడు తెలుస్తుంది. బిల్లు పోర్టల్‌కు చేరింది, జవాబు వచ్చేలోగా కనెక్షన్ తెగిపోయింది. వెళ్లిందో లేదో తెలియక ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్ మళ్లీ పంపుతుంది. లెక్కవేస్తే అదే సంఖ్య రావడంతో, ఈ బిల్లు ఇప్పటికే నమోదైందని పోర్టల్ తిప్పి పంపుతుంది. ఒకే అమ్మకం రెండుసార్లు లెక్కకెక్కదు. సాఫ్ట్‌వేర్లను కలిపేవాళ్లు ముందుగా ఆలోచించాల్సింది ఇదే: మధ్యలో తెగిపోతే, మళ్లీ పంపినా నష్టం జరగకూడదు.

నమోదయ్యాక పోర్టల్ డిజిటల్ సంతకంతో క్యూఆర్ కోడ్‌ను పంపుతుంది. అమ్మకం వివరాలు వాటంతటవే జీఎస్టీఆర్-1 అనే రిటర్నుకు చేరతాయి. ఈ-వే బిల్లులో సరుకు భాగం నిండిపోతుంది, లారీ నంబరు ఇస్తే చాలు. డీలరు సాఫ్ట్‌వేర్ కూడా ఆ బిల్లును అదే నమూనాలో చదువుకోగలదు.

అయితే ఒక్కసారి కొట్టినది అన్నిచోట్లకూ వెళ్తుందంటే, ఒక్క తప్పు కూడా అన్నిచోట్లకూ వెళ్తుంది. జీఎస్టీ నంబరులో 15వ అక్షరం మిగతా పద్నాలుగింటి నుంచి లెక్కకట్టినది కాబట్టి, చేయి జారి ఒక అంకె తప్పు పడితే దొరికిపోతుంది. కానీ జాబితాలో పొరపాటున మరో డీలరును ఎంచుకుంటే? ఆ నంబరూ సరైనదే. యంత్రానికి తప్పేమీ కనిపించదు, పన్ను క్రెడిట్ మాత్రం వేరొకరి ఖాతాలో కనిపిస్తుంది. నమోదైన బిల్లును పోర్టల్లో దిద్దడం కుదరదు. 24 గంటల్లోగా రద్దు చేసుకోవచ్చు, అదీ ఆ నంబరును వదులుకుని. గడువు దాటితే క్రెడిట్ నోటు ఇవ్వాలి, లేదా జీఎస్టీ రిటర్నులో సవరించుకోవాలి.

అందుకే సాఫ్ట్‌వేర్లను కలపాలనుకునే ఏ సంస్థ అయినా ముందు తన పాత జాబితాలను శుభ్రం చేసుకోవాలి. ఒకే డీలరు మూడు పేర్లతో ఉన్నాడా, ఒకే సరుకుకు రెండు కోడ్‌లున్నాయా, ఎవరి బస్తా ఎన్ని కిలోలు? ఈ ప్రశ్నలకు జవాబులు ప్రోగ్రామర్ దగ్గర ఉండవు, ఏళ్లుగా ఆ లెక్కలు రాస్తున్న అకౌంటెంటు దగ్గర ఉంటాయి. కోడ్ రాయడం మొదలవకముందే ఆయనను ప్రోగ్రామర్ పక్కన కూర్చోబెట్టాలి.