గుద్దించడానికే కారును సిద్ధం చేస్తారు.. అమెరికా 'డెమాలిషన్ డెర్బీ' వెనక ఇంత పని ఉంది!

మొన్న రాత్రి మా ఖాలా ఫోన్ చేసింది. గొంతులో కంగారు. "బేటా, నీ తమ్ముడు అక్కడ ఏదో పాత కారు విప్పుతున్నాడంట. దాన్ని తీసుకెళ్లి వేరే కార్లతో గుద్దిస్తారంట. నువ్వు వార్తలు రాస్తావు కదా, అసలు అదేంటో చెప్పు" అంది.

ఒహాయోలో మాస్టర్స్ చేస్తున్న మా వాడు పక్కింటి పెద్దాయన షెడ్డులో సాయంత్రాలు సాయం చేస్తూ, ఆ వీడియోలన్నీ ఫ్యామిలీ గ్రూపులో పెడుతున్నాడు. ఈసారి కారు నడిపేది పెద్దాయనే. వచ్చే ఏడాది నేనే కూర్చుంటా అంటున్నాడు మా వాడు. ఖాలా భయమంతా అక్కడే. ఆమెకు చెప్పడం కోసం తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నా. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లకు పనికొస్తాయి.

దీన్ని డెమాలిషన్ డెర్బీ అంటారు. అక్కడి చిన్న పట్టణాల్లో ఎండాకాలంలో కౌంటీ ఫెయిర్లు జరుగుతాయి. మన నుమాయిష్, పశువుల సంత కలిపితే ఎలా ఉంటుందో అలా అన్నమాట. చివర్లో తడిపిన మట్టి మైదానంలోకి పాత కార్లను వదులుతారు. ఒకదాన్నొకటి గుద్దుకోవాలి. ఆఖరికి కదులుతూ మిగిలిన బండిదే గెలుపు. అంతకుముందూ అక్కడక్కడా జరిగినా, 1958లో న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లోని ఐస్లిప్ స్పీడ్‌వేలో లారీ మెండెల్సన్ మొదలుపెట్టాకే దీనికి జనం పెరిగారని చెబుతారు.

ఏ కారు పడితే ఆ కారు పనికిరాదు. పొడవాటి పాత కార్లకే గిరాకీ. ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా, లింకన్ టౌన్ కార్, షెవర్లే కాప్రీస్, ఇంపాలా లాంటివి. కారణం కింద ఉండే ఛాసిస్. మన బొలెరోకు ఉన్నట్టే వీటికి కింద ఇనుప చట్రం వేరుగా ఉంటుంది, దాని మీద బాడీ బిగిస్తారు. మన వీధుల్లో తిరిగే చిన్న కార్లకు అలా వేరే చట్రం ఉండదు, బాడీయే అన్ని దెబ్బలూ మోయాలి. 1964 నుంచి 1966 మధ్య వచ్చిన క్రైస్లర్ ఇంపీరియల్ అయితే ఎంత గట్టిదంటే, చాలా డెర్బీల్లో దాన్ని రానివ్వరు. మిగతావాళ్లకు గెలిచే చాన్సే ఉండదని!

బండి దొరికాక ముందు చేసే పని విప్పడం. అద్దాలు పగలగొట్టి వదిలేస్తే కుదరదు, ముక్క కూడా లేకుండా తీసేయాలి. లైట్లు, బయటి ప్లాస్టిక్, మెరుపు పట్టీలు, కార్పెట్, వెనక సీటు అన్నీ బయటికే. మండేది, ఎగిరి తగిలేది ఏదీ లోపల ఉండకూడదు. ఎయిర్‌బ్యాగులూ తీసేస్తారు. గుద్దుకున్నప్పుడు అవి పేలితే నడిపేవాడికే ప్రమాదం.

ఇక ఖాలా మొదట అడిగిన ప్రశ్న.. "మంట అంటుకుంటే?" ఈ తయారీలో సగం దానికోసమే.

క్రౌన్ విక్టోరియాలో పెట్రోల్ ట్యాంకు వెనక చక్రాల ఇరుసుకు వెనకాల ఉంటుంది. డెర్బీలో ఎక్కువగా గుద్దేది వెనక భాగంతోనే. ముందు రేడియేటర్ ఉంటుంది, అది పగిలితే ఇంజిన్ వేడెక్కి ఆగిపోతుంది. అందుకే రివర్స్ గేర్‌లో వెళ్లి డిక్కీతో కొడతారు. ఇలాంటప్పుడు ట్యాంకు వెనక ఉంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. కాబట్టి దాన్ని పూర్తిగా తీసేసి, పడవల్లో వాడేలాంటి చిన్న ట్యాంకును వెనక సీటు ఉన్న చోట పెట్టి కదలకుండా బిగిస్తారు. పెట్రోల్ కూడా ఆటకు సరిపడా కొంచెమే. బ్యాటరీని బానెట్ కింద నుంచి తీసి, డ్రైవర్ పక్కన కాళ్లు పెట్టుకునే చోట బోల్టులతో బిగించి, పైన రబ్బరు కప్పుతారు. కరెంటు పంపు వాడితే, దాన్ని ఆపే స్విచ్ అందరికీ కనిపించేలా ఉండాలి. బానెట్‌కు పెద్ద రంధ్రం కోస్తారు. మంట వస్తే బానెట్ తెరిచే టైమ్ ఉండదు, ఆ రంధ్రంలోంచే ఫైర్ సిబ్బంది మందు కొడతారు.

డోర్లను గొలుసులతో కడతారు లేదా వెల్డింగ్ చేస్తారు. అంటే ఎక్కడం, దిగడం కిటికీలోంచే. సీటు వెనక అడ్డంగా ఇనుప కడ్డీ, ముందు అద్దం ఉన్న చోట డ్రైవర్‌కు ఎదురుగా కడ్డీలు ఉంటాయి, బానెట్ విరిగి లోపలికి రాకుండా. డ్రైవర్ డోర్‌కు చాలాచోట్ల తెల్లరంగు వేస్తారు. ఆ డోర్‌ను కావాలని కొట్టినవాడిని ఆట నుంచి బయటికి పంపేస్తారు. డ్రైవర్ పక్కన ఒక కర్రపుల్ల నిలబెట్టి ఉంటుంది. అది విరిస్తే 'నేను ఔట్' అని అర్థం, ఇక ఆ బండిని ఎవరూ ముట్టుకోకూడదు. హెల్మెట్, సీటు బెల్టు సంగతి చెప్పక్కర్లేదు.

ఇవయ్యాకే గెలుపు గురించి ఆలోచన. రేడియేటర్‌లో కూలెంట్ తీసేసి మామూలు నీళ్లు పోస్తారు, ఎందుకంటే కూలెంట్ విషం, నేల మీద పడితే జారుడు కూడా. వెనక ఇరుసులోని డిఫరెన్షియల్ పళ్లను వెల్డ్ చేస్తారు. లేదంటే బురదలో ఒక చక్రం ఊరికే తిరుగుతూ, రెండోది నిలబడిపోతుంది.

ఎంత వెల్డింగ్ చేయొచ్చన్నది ఏ ఫెయిర్‌కు ఆ ఫెయిర్ రూల్స్ బుక్‌లో ఉంటుంది. రెండు ఊళ్ల రూల్స్ ఒకేలా ఉండవు. ఒక అంగుళం ఎక్కువైనా తనిఖీలో కోయమంటారు, లేదా ఇంటికి పంపేస్తారు. నెలల కష్టం గేటు దగ్గరే పోతుంది.

కామర్స్ చదివినవాడిని కాబట్టి లెక్క కూడా చూశా. కారు, టైర్లు, వెల్డింగ్, ఎంట్రీ ఫీజు, బండిని మోసుకెళ్లే ట్రెయిలర్ అన్నీ ఖర్చు వైపు. జమ వైపు, గెలిస్తే బహుమతి, చివర్లో తుక్కు డబ్బులు. ఎక్కువమందికి నష్టమే. డిప్రిసియేషన్ ఒక్క సాయంత్రంలో వందకు వంద! వాళ్లు సరదా కోసం చేస్తారు, అది వేరే సంగతి.

మన పిల్లలు మాత్రం ఒకటి చూసుకోవాలి. దిగే ముందు, దెబ్బ తగిలితే నిర్వాహకుల బాధ్యత లేదని సంతకం పెట్టించుకుంటారు. ఇలాంటి మోటార్ పోటీల్లో అయిన గాయాలను మినహాయించే హెల్త్ పాలసీలు చాలానే ఉన్నాయి. అక్కడి ఆసుపత్రి బిల్లులు ఎలా ఉంటాయో తెలిసిందే. పాలసీలో ఆ పేజీ ఫొటో తీసి పంపమన్నా. ఇంకా పంపలేదు.

ఖాలా అంతా వింది. బహుమతి ఎంత అని అడగలేదు. "డోర్లు మూసేస్తే కిటికీలోంచి ఎంతసేపట్లో బయటికొస్తాడు?" అంది. వీడియో కాల్‌లో వాడినే అడిగాం. పెద్దాయన హెల్మెట్ పెట్టించి, బెల్టు కట్టి, ఇప్పుడు దిగు అన్నాడు. మొదటిసారి భుజం కడ్డీకి తగిలి ఇరుక్కుపోయాడు. పెద్దాయన ఏమీ అనకుండా కట్టర్ తీసుకుని ఆ కడ్డీని పక్కకు జరిపే పనిలో పడ్డాడు.