గొలుసు రంపము: క్రొత్త గొలుసు కొనుటకు ముందు

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లా ఉద్దానమును తాకి, కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలగూల్చిన సంగతి మన పాఠకులు మఱచియుండరు. పడిన చెట్లను తొలగించుటకు గాని, సరుగుడు, జామాయిలు కోతలకు గాని నేడు గొలుసు రంపము రైతునకు గొప్ప సహాయకారి. అయితే అది సరిగా కోయనప్పుడు దోష మెక్కడనున్నదో విచారింపక క్రొత్త గొలుసు కొనువారు పెక్కుమంది. గొలుసును మోయు ఉక్కుపట్టె, అనగా బారు, చెడియున్నచో క్రొత్త గొలుసుకూడ త్వరలోనే పాడగును. మొద్దుబాఱిన రంపమును బలముతో నదిమినచో ప్రాణాపాయముకూడ కలదు. కావున దోషమును గుర్తించు విధమును మేమిక్కడ వివరించుచున్నాము. గొలుసుపై చేయివేయుటకు ముందు ఇంజను నాపి, చేతితొడుగులు ధరింపవలెను.

మొదట రంపపు పొట్టును చూడుడు. పలుకులుగా రాలినచో పదును మంచిది. పిండివలె రాలినను, కోతనుండి పొగ లేచినను పదును పోయినదని యెఱుంగవలెను. ఇసుకనేలపైనున్న దుంగను లేపక కోయుటవలన పదును త్వరగా పోవును. దుంగ క్రింద చెక్కలు పెట్టి, బెరడునంటిన మట్టిని దులిపి కోయవలెను. తగిన కొలతగల గుండ్రని ఆకురాయితో ప్రతి పంటిని లోపలినుండి వెలుపలికి, ఒకే కోణమున రాయవలెను. గొలుసును వెనుకముందుగా తొడిగినను కోత సాగదు. బారు పైయంచున పళ్ళ మొనలు ముక్కువైపునకు చూచుచుండవలెను.

రెండవది, కోత వంకరపోవుట. ఒకవైపు పళ్ళు పొట్టివైనను, బారు గాడి కిరుప్రక్కల అంచులు హెచ్చుతగ్గులుగా నరిగినను ఇట్లు జరుగును. పళ్ళన్నింటిని పొట్టిపంటికి సమానముగా రాచినను వంకర పోనిచో దోషము బారునందే యున్నది. గొలుసును పదునుపెట్టినప్పుడెల్ల బారును తిరుగవేసి తొడిగినచో పైయంచు, క్రిందియంచు సమముగా నరుగును.

మూడవది, బారుపై నీలిమచ్చలు పడుట. ఇది నూనె చాలమికి గుర్తు. గాడిని సన్నని రేకుతో గీకి, నూనెరంధ్రమున చేరిన పొట్టును తొలగింపవలెను. పిమ్మట బారు ముక్కును శుభ్రమైన మొద్దునకు తాకకుండ ఎదురుగా పట్టి ఇంజను నడిపినచో, మొద్దుపై నూనెచార పడవలెను.

నాల్గవది, గొలుసు జాఱిపోవుట. ఇందుకు ముఖ్యకారణము బిగువు తగ్గుట. చల్లగానున్న గొలుసు బారు క్రిందియంచున కంటియుండి, చేతితో లాగిన కదలవలెను. వేడికి సాగిన గొలుసును బిగించినచో పని ముగియగనే వదులుచేయవలెను. లేకున్న చల్లాఱి కుదించుకొని ఇంజను ఇరుసునకు హాని చేయును. గొలుసును త్రిప్పు పళ్ళచక్రము లోతుగా నరిగినచో దానినికూడ మార్పవలెను.

కడపట నొక హెచ్చరిక. ప్రతి పంటి ముందర నుండు చిన్న మిట్ట, పన్ను కొయ్యలో నెంత లోతు దిగవలెనో నిర్ణయించును. చాల గొలుసులకు అది పంటికంటె సుమారు 0.65 మిల్లీమీటరు పల్లముగా నుండిన చాలును. అంతకంటె రాచినచో రంపము ఎదురుతన్నును. బారు ముక్కు పైభాగము దుంగకు తగిలినను రంపము క్షణములో మనిషిపైకి లేచును.

రంపము నుమ్మడిగా వాడుకొను సభ్యులు తమ వంతు ముగియగనే గాడి శుభ్రముచేసి, పదునుపెట్టి, తరువాతివారి కప్పగింతురు గాక.