ఆవ పెట్టడం

ఆవ పెట్టడం అనగా పచ్చి ఆవాలను నూరి, ఆ ముద్దను ఉడికిన కూరలో కలిపే ఆంధ్రుల వంట పద్ధతి. జంగారెడ్డిగూడెం, తాడేపల్లిగూడెం, ఏలూరు మొదలైన ప్రాంతాలలో పనసపొట్టు, కంద-బచ్చలి, అరటికాయ కూరలకు ఆవ పెడతారు. నషాళానికంటే ఘాటు దీని ప్రత్యేకత.

ఘాటుకు కారణం

నలగని ఆవగింజకు ఘాటు ఉండదు. గింజలో సినిగ్రిన్ అనే గంధక సమ్మేళనం, మైరోసినేజ్ అనే ఎంజైము విడివిడిగా ఉంటాయి. నీళ్ళు చేర్చి నూరినపుడు ఇవి కలిసి, అల్లైల్ ఐసోథయోసయనేట్ అనే ఆవిరయ్యే నూనె పుడుతుంది. ఐరోపావారు తురుముకొని తినే హార్స్‌రాడిష్ వేరు కన్నీరు తెప్పించేదీ దీనివల్లనే. భారతదేశంలోని ఆంగ్లేయులు ఆ వేరుకు బదులుగా మునగ వేరును వాడారు. మునగకు ఆంగ్లంలో హార్స్‌రాడిష్ చెట్టు అనే పేరు అందుచేతనే వచ్చింది. అయితే మునగ వేరు బెరడులో హానికర పదార్థాలున్నందున దానిని తినరాదు.

ఘాటు నిలుపుట

వేడికి ఎంజైము నశిస్తుంది. పోపులో చిటపటలాడిన ఆవాలు కమ్మగా ఉంటాయే గాని ఘాటెక్కవు. కనుక ఆవాలను ఎండుమిరపకాయలతో చేర్చి, చన్నీళ్ళతో మెత్తగా నూరి, కొద్ది నిముషాలు ఉంచి, కూర దించి చల్లారిన తరువాతనే కలపాలి. చింతపండు రసంతో నూరడం సరికాదు. పులుపు ఎంజైము పనిని మందగింపజేస్తుంది. ఘాటు పుట్టిన తరువాత చేరిన పులుపు మాత్రం దానిని కొంతకాలం నిలుపుతుంది. సీసాలలో అమ్మే హార్స్‌రాడిష్‌లో వినిగర్ కలిపేది అందుకే. తురిమిన వెంటనే కలిపితే అది చప్పగా మిగులుతుంది. ఆవ పెట్టిన కూరను మరల వేడిచేస్తే ఘాటు ఆవిరైపోతుంది.