రాళ్లు అన్నం పెడతాయా?

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా నాయిన అడిగాడు: "నీది రాళ్ల చదువు కదా బిడ్డా, రాళ్లు అన్నం పెడతాయా?" పత్తి అమ్మిన డబ్బుతో నా ఫీజు కడుతున్న మనిషి ఆయన. అప్పుడు జవాబు తోచలేదు.

మన దేశంలో నిప్పు ఆరని అగ్నిపర్వతం ఒక్కటే వుంది. పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుంచి శ్రీ విజయపురం) ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరాన, అండమాన్ సముద్రంలో వున్న బారెన్ ద్వీపం అది. బారెన్ అంటే బీడు. పేరుకు తగ్గట్టే అక్కడ జనావాసం లేదు. వెడల్పు సుమారు మూడు కిలోమీటర్లు. నీటిపైన కనిపించే ఎత్తు 350 మీటర్లే గాని, దాని మొదలు సముద్రంలో రెండు కిలోమీటర్ల లోతున వుంది. మనం చూసేది కొస మాత్రమే.

ఇది పేలినట్లు మొదట రాసిపెట్టింది 1787లో. 19వ శతాబ్దం మొదట్లోనూ పొగలు చిమ్మింది. తర్వాత తరాల తరబడి నిద్రపోయింది. ఇక చల్లారిందనుకుంటుండగా 1991లో లేచింది. లావా సముద్రం దాకా పారింది. మళ్లీ 1994-95లో, 2005లో రగిలింది. 2017 జనవరిలో గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థవారు ఓడలో వెళ్లి, అది బూడిద చిమ్మడం కళ్లారా చూశారు.

ఎందుకిలా? భారత ఫలకం బర్మా ఫలకం కిందికి దిగిపోతోంది. ఆ రాపిడి వేడికే రాయి కరుగుతుందని నేనూ అనుకునేవాణ్ణి. అసలు సంగతి నీరు! దిగిపోయే ఫలకం తనలోని ఖనిజాలలో నీటిని మోసుకుపోతుంది. లోతుకు పోయాక ఆ నీరు విడుదలై పైనున్న రాతిలోకి చేరుతుంది. నీరు చేరిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. ఆ ద్రవమే పైకి తన్నుకొస్తుంది.

ఇక మా ఆదిలాబాద్ సంగతి. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల క్రితం దక్కనులో నేల పగుళ్లనుంచి లావా పొరలు పొరలుగా పారింది. దానికి కారణం వేరు, అక్కడ ఫలకం మునగలేదు. కాని గడ్డకట్టి మిగిలింది ఇక్కడా అక్కడా నల్లని బసాల్టు రాయే. అది ఎండకూ వానకూ చివికి నల్లరేగడి అయింది. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే ఆ మన్నులోనే మా పత్తి పండుతోంది.

సంక్రాంతికి పోయినప్పుడు చేను గట్టుమీది నల్లరాయి ఒకటి నాయిన చేతిలో పెట్టి చెబుతాను: "పెడతాయి నాయినా. కాకపోతే కొన్ని కోట్ల ఏళ్లు ఆగాలె!"